గార పళ్ళకు వైట్‌నింగ్, ఆ తర్వాత ఫ్లోరైడ్: నల్గొండ నుంచి ఒక కేసు

చిన్నప్పుడు బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల పళ్ళకు గార పట్టిన ఒక అమ్మాయి, పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో వైట్‌నింగ్ చేయించుకుంది. ఆ తర్వాత పళ్ళు జివ్వుమంటున్నాయని నల్గొండలో నా దగ్గరికి వచ్చింది. నేను చెప్పిన మందు ఫ్లోరైడ్ వార్నిష్, అంటే పళ్ళ మీద పూసే ఫ్లోరైడ్ పూత. ఆ మాట వినగానే వెంట వచ్చిన తండ్రి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఈ కేసులో వైద్యం చిన్నది, పెద్దది ఆ తర్వాత జరిగిన మాటలే. పేషెంట్ అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. మా జిల్లాలోనే కాదు, ప్రకాశం, అనంతపురం వైపు ప్రాక్టీస్ చేసేవాళ్ళకూ ఇలాంటి పేషెంట్లు వస్తూనే ఉంటారు. వైట్‌నింగ్ చౌకయ్యే కొద్దీ ఇంకా వస్తారు.

ఏం ఇబ్బందితో వచ్చింది

వయసు 24. సొంతూరు మర్రిగూడ మండలం వైపు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. పెళ్ళి కుదిరింది, ఫోటోషూట్ దగ్గర పడింది. వారం కిందట అక్కడి ఒక క్లినిక్‌లో ఒకే సిట్టింగ్‌లో 35 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ జెల్‌తో వైట్‌నింగ్ చేయించుకుంది. చేయించుకునే ముందు తీసిన ఫోటో ఫోన్‌లో ఉంది. పై ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు పట్టీలు, అక్కడక్కడా సుద్ద లాంటి మచ్చలు. షేడ్ గైడ్ (పంటి రంగు కొలిచే నమూనాల వరుస, ఏ1 తెలుపు, అంకె పెరిగే కొద్దీ ముదురు) ప్రకారం దాదాపు ఏ3.5 అనిపించింది. నా దగ్గరికి వచ్చేసరికి గోధుమరంగు చాలావరకు పోయి లేత పసుపు చారగా మిగిలింది. అంటే వైట్‌నింగ్ బాగానే పనిచేసింది. ఆ క్లినిక్ వాళ్ళ పని మీద నాకు పెద్ద అభ్యంతరమేమీ లేదు.

ఇబ్బందులు రెండు. చల్లనిదేది తగిలినా, చివరికి ఏసీ బస్సులో నోరు తెరిచినా, పళ్ళు జివ్వుమని గుంజుతున్నాయి. రెండోది, తెల్ల మచ్చలు ముందుకంటే కొట్టొచ్చినట్టు కనపడుతున్నాయి. “గోధుమరంగు పోయిందనుకుంటే ఇవి బయటపడ్డాయి మేడం, ఇంతకంటే అదే నయం” అంది.

వైట్‌నింగ్ అయిన మొదటి ఒకటి రెండు రోజులు జివ్వుమనడం మామూలే. పెరాక్సైడ్ అణువు చాలా చిన్నది. పంటి గట్టి పైపొర ఎనామిల్‌నూ, దాని కింది పొర డెంటిన్‌నూ దాటి నిమిషాల్లోనే పంటి లోపలి నరం దాకా చేరుతుంది. అక్కడ కాస్త చికాకు పెడుతుంది. ఆ నొప్పి సాధారణంగా రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఈ అమ్మాయికి మాత్రం తగ్గాల్సిన సమయంలో పెరిగింది. అలాంటప్పుడు వైట్‌నింగ్ తర్వాత ఇంట్లో ఏం చేశారో అడగాలి.

అడిగితే ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. తెలుపు నిలవాలని రీల్స్‌లో చూసి బొగ్గు పౌడర్‌లో నిమ్మరసం కలిపి పొద్దున్నే తోముతోంది. అదీ గట్టి బ్రష్‌తో. పెళ్ళిలోపు బరువు తగ్గాలని పరగడుపున గోరువెచ్చని నీళ్ళలో నిమ్మరసం, తేనె. వెంటనే తోమడం. సాయంత్రం ఆఫీసు కింద నిమ్మకాయ సోడా. పేస్టు వాడటం పూర్తిగా మానేసింది. “పేస్టులో కెమికల్స్ ఉంటాయి కదా” అని కారణం. పేస్టులో ఉన్న ఫ్లోరైడే తన పళ్ళను పాడుచేసిందని ఇంట్లో అందరి నమ్మకం.

చూసినప్పుడు

ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) పళ్ళలో ఎంతుందో కొలిచే డీన్ సూచిక ప్రకారం మధ్యస్థ స్థాయి. దాదాపు అన్ని పళ్ళ మీదా ఎనామిల్ పాలిపోయి ఉంది. గుంటలు మాత్రం లేవు. పై ముందు పళ్ళ నాలుగింటి మీద సుద్ద మచ్చలు. కోర పళ్ళ దగ్గర, వాటి వెనక చిన్న దవడ పళ్ళ దగ్గర చిగురు కిందికి జరిగి, మెడ భాగంలో కొద్దిగా అరిగిన గాడి. అక్కడ డెంటిన్ బయటపడి ఉంది. ఇది వైట్‌నింగ్ వల్ల వచ్చింది కాదు, ఏళ్ళ తరబడి గట్టి బ్రష్‌ను అడ్డంగా లాగడం వల్ల వచ్చింది. పక్క పంటి మీద పాత కాంపోజిట్ (పంటి రంగు రెసిన్) ఫిల్లింగ్ ఒకటి, చుట్టూ పన్ను తెల్లబడేసరికి ఇప్పుడు పసుపు ముక్కలా కనపడుతోంది. ఫిల్లింగులు, క్యాపులు పెరాక్సైడ్‌కు తెల్లబడవు. ఈ మాట వైట్‌నింగ్‌కు ముందే చెప్పాలి, చాలామంది చెప్పరు.

గాలి ఊదితే నొప్పి పదికి ఏడు అని చెప్పింది. ఎక్కువగా గాడులున్న చోట, కొంత ముందు పళ్ళ అంచుల్లో. పుచ్చు లేదు. పగుళ్ళు లేవు. ఎక్స్‌రేలో చెప్పుకోదగ్గదేమీ లేదు. చిగుళ్ళ మీద జెల్ కాలిన గుర్తులు కూడా లేవు.

తెల్ల మచ్చలు ఎందుకు ఎక్కువ కనపడ్డాయి

పేషెంట్లు బాగా కంగారుపడే విషయం ఇదే, కాబట్టి ముందు దీని సంగతి. ఫ్లోరోసిస్ ఉన్న పంటిలో పైపొర గట్టిగానే ఉంటుంది. దాని కింద ఖనిజం సరిగ్గా నిండని, సన్నని రంధ్రాలున్న పొర ఉంటుంది. మంచి ఎనామిల్‌కు కాంతిని వంచే గుణం 1.62 దాకా ఉంటుంది. నీటికి 1.33, గాలికి 1. రంధ్రాల్లో నీళ్ళుంటే తేడా తక్కువ, మచ్చ కొద్దిగా కలిసిపోతుంది. నీళ్ళు పోయి గాలి చేరితే తేడా పెరుగుతుంది, కాంతి చెదిరి మచ్చ సుద్దలా మెరుస్తుంది. వైట్‌నింగ్‌లో పెదాలను సాగదీసి గంట సేపు నోరు తెరిచి ఉంచుతారు. పళ్ళు ఎండిపోతాయి. దిగగానే అద్దంలో చూసుకుంటే మచ్చలు భయపెడతాయి.

తడి కొద్ది గంటల్లోనే తిరిగి రావడం మొదలై, పూర్తిగా సర్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే వైట్‌నింగ్ షేడ్‌ను ఆ రోజే ఖాయం చేయకూడదు. కనీసం ఒకటి రెండు వారాలు ఆగి చూడాలి. ఈ అమ్మాయి విషయంలో ఇంకోటి కూడా కలిసింది. రోజూ నిమ్మరసం తగిలి పైపొర మెరుపు పోయి గరుకుగా అయింది. గరుకు పంటి మీద మచ్చలు మరింత తెల్లగా కనపడతాయి.

ఎనామిల్‌కు నిజంగా ఏం జరిగింది

పెరాక్సైడ్ ఎనామిల్‌ను తినేస్తుందా అని అందరూ అడుగుతారు. ల్యాబ్‌లో, ఉమ్మి తగలని పంటి ముక్కల మీద పరీక్షిస్తే బ్లీచింగ్ తర్వాత పైపొర గట్టిదనం కొంత తగ్గినట్టు కనపడుతుంది. జెల్ ఆమ్ల గుణం ఉన్నదైతే ఇంకా ఎక్కువ. నోట్లో మాత్రం ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేట్ ఆ లోటును చాలావరకు తిరిగి పూడుస్తాయి. మామూలు పళ్ళున్న ఆరోగ్యవంతుడికి మంచి జెల్‌తో, సరైన విరామాలతో వైట్‌నింగ్ చేస్తే ఎనామిల్‌కు పెద్ద నష్టం ఏమీ ఉండదని నా అభిప్రాయం. రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టు వాడితే చాలామందికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. ప్రతి వైట్‌నింగ్‌కూ ఫ్లోరైడ్ ప్యాకేజీ అని బిల్లులో కలపడం నాకు నచ్చదు.

ఈ కేసు వేరు. పీహెచ్ అంకె ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ. ఎనామిల్ సుమారు 5.5 పీహెచ్ కంటే దిగువన కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ దాదాపు 2.3. అది తగిలిన పైపొర కొద్దిసేపు మెత్తబడుతుంది. ఉమ్మికి టైమ్ ఇస్తే మళ్ళీ గట్టిపడుతుంది. ఆ టైమ్ ఇవ్వకుండా బొగ్గు పొడితో రుద్దితే మెత్తబడ్డ పొర లేచిపోతుంది. మెత్తబడ్డ ఎనామిల్‌ను తిరిగి గట్టిపరచవచ్చు, లేచిపోయినదాన్ని మాత్రం తీసుకురాలేం. పన్ను చిగురులోంచి బయటికి వచ్చాక ఎనామిల్‌ను తయారుచేసే కణాలు ఉండవు. పైగా వైట్‌నింగ్ అయిన కొత్తలో, నరం అప్పటికే చికాకుగా ఉన్నప్పుడు, మెడ దగ్గర బయటపడ్డ డెంటిన్ మీద ఇదంతా జరిగింది. చింతకాయ తింటే పళ్ళు పులిసినట్టు ఉండే బాధ ఈమెకు రోజంతా ఉంది.

మొదటి రోజే బొగ్గు, నిమ్మనీళ్ళు, సోడా ఆపేయమన్నాను. ఆ తర్వాత, వార్నిష్ పూస్తానన్నాను.

“మళ్ళ అదే పూస్తరా?”

“ఫ్లోరైడ్‌తోనే మా బతుకులు ఆగమైనయ్ మేడం. నా మెడ తిరగదు, నడుము వంగదు. బిడ్డ పళ్ళు సూస్తనే ఉన్నరు. మళ్ళ అదే పూస్తరా?” అన్నాడు తండ్రి. యాభై దాటిన మనిషి. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. ఆయన్ని ‘మీకేం తెలియదు’ అన్నట్టు మాట్లాడితే ఈ జిల్లాలో వైద్యం చేయలేం. ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో మొదటి శాస్త్రీయ నివేదిక 1937లో వచ్చింది. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో చూసి రాశారు. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. కృష్ణా నీళ్ళు కుళాయికి వచ్చేదాకా ఈ జనం తరాల తరబడి ఈ బాధతో బతికారు. వాళ్ళ భయాన్ని కొట్టిపారేసే హక్కు నాకు లేదు, దానికి జవాబు చెప్పే బాధ్యత ఉంది.

“అన్నా, కూర్చోండి. ఒక లెక్క చూద్దాం” అన్నాను.

ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక రాశాను. మన దగ్గర తాగే నీళ్ళకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. పాత బోరు నీళ్ళలో లీటరుకు 4 మిల్లీగ్రాములు అనుకుందాం. పొలంలో పనిచేసే మనిషి ఎండాకాలం మూడు లీటర్లు తేలిగ్గా తాగుతాడు. అంటే రోజుకు 12 మిల్లీగ్రాములు. ఆ నీళ్ళతోనే అన్నం, పప్పు, టీ. టీ ఆకులో ఫ్లోరైడ్ సహజంగానే ఉంటుంది, అది అదనం. నీళ్ళు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అలా రోజూ, ఏడాదికేడాది.

ఇప్పుడు వార్నిష్. ఇందులో 5 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది, అంటే ఒక మిల్లీలీటరులో 22.6 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. ఒక పేషెంటుకు వచ్చే చిన్న ప్యాకెట్ 0.4 మిల్లీలీటరు. మొత్తం పూసినా దాదాపు 9 మిల్లీగ్రాములు. అదీ పంటికి అతుక్కుని గంటల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది, ఒక్కసారిగా కడుపులోకి పోదు. మొత్తం మింగినా పాత బోరు నీళ్ళు ఒక్కరోజు తాగినంత కాదు. పూసేది కొద్దిసార్లే. “మీరు ముప్పై ఏళ్ళు రోజూ తాగింది, అమ్మాయికి నేను పూసేది పక్కపక్కన పెట్టి చూడండి” అన్నాను.

ఆయన లెక్క రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. “సరే, తక్కువే. కని పళ్ళకు గార ఫ్లోరైడ్‌తోనే గద పట్టింది, ఇప్పుడు పంటి మీదనే పూస్తే మళ్ళ పట్టదా?”

అసలు విషయం ఇక్కడే ఉంది. పంటి ఎనామిల్ చిగురు లోపల, దవడ ఎముకలో తయారవుతుంది. పై ముందు పళ్ళకు ఎక్కువ ప్రమాదమైన కాలం సుమారు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ వయసు. మిగతా శాశ్వత పళ్ళకు, జ్ఞాన దంతాలను వదిలేస్తే, ఎనిమిదేళ్ళ దాకా. ఆ వయసులో తాగిన ఫ్లోరైడ్ రక్తంలో కలిసి, ఎనామిల్ కట్టే కణాల పనిని చెడగొడుతుంది. అక్కడ తొలగాల్సిన ప్రొటీన్ పూర్తిగా తొలగదు, ఖనిజం సరిగ్గా నిండదు. పన్ను బయటికి వచ్చేసరికే ఆ లోపం ఉంటుంది. గోధుమరంగు మాత్రం తర్వాత వస్తుంది. ఆ రంధ్రాల్లోకి తిండిలోని రంగులు దిగుతాయి. ఫ్లోరైడ్‌కు దానంతట రంగు లేదు. 24 ఏళ్ళ అమ్మాయికి పళ్ళు కట్టడం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు పైన పూసిన ఫ్లోరైడ్ పంటి నిర్మాణాన్ని వెనక్కి వెళ్ళి మార్చలేదు. గోడ కట్టేటప్పుడు సిమెంటులో ఎక్కువైన నీరు వేరు, కట్టాక పైన చల్లే నీరు వేరు అని చెబితే ఆయనకు వెంటనే అందింది. ఆయన మేస్త్రీ పని చేసిన మనిషి.

పైన పూసినప్పుడు ఏం చేస్తుందో కూడా చెప్పాను. ఎనామిల్ మీద, బయటపడ్డ డెంటిన్ మీద కాల్షియం ఫ్లోరైడ్ సన్నని రేణువులుగా పేరుకుంటుంది. పుల్లనిది తగిలి నోరు ఆమ్లంగా మారినప్పుడు అవి కొద్దికొద్దిగా కరిగి ఫ్లోరైడ్‌ను వదులుతాయి. అప్పుడు ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి పోయిన ఖనిజాన్ని తిరిగి కూర్చుతాయి. అలా ఏర్పడిన ఫ్లోరాపటైట్ (ఫ్లోరైడ్ కలిసిన పంటి ఖనిజం) సుమారు 4.5 పీహెచ్ దాకా తట్టుకుంటుంది. డెంటిన్‌లోని సన్నని గొట్టాల మూతులు కొంత మూసుకుంటాయి. లోపలి ద్రవం కదలడం తగ్గి, జివ్వుమనడం తగ్గుతుంది. అలాగని ఫ్లోరైడ్‌తో అన్నీ అయిపోవు. 2.3 పీహెచ్ ఉన్న నిమ్మరసాన్ని రోజూ తగిలిస్తే ఏ ఫ్లోరైడూ ఆపలేదు.

అమ్మాయి వైపు ప్రశ్న వేరే. ఫ్లోరైడ్ పూస్తే చేయించుకున్న తెలుపు పోతుందా? పోదు. రంగు విరిగిపోయిన తర్వాత దాన్ని తిరిగి తెచ్చే గుణం ఫ్లోరైడ్‌కు లేదు.

ఏ ఫ్లోరైడ్

మా కాలేజీ రోజుల్లో ఫ్లోరైడ్ అంటే ట్రేలో పోసి నాలుగు నిమిషాలు కొరికి పట్టించే ఏపీఎఫ్ జెల్, అంటే ఆమ్లం కలిపిన ఫ్లోరైడ్ జెల్. 1.23 శాతం, అంటే 12,300 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 12,300 పాళ్ళు). దాని పీహెచ్ దాదాపు 3 నుంచి 3.5. ఆ ఆమ్లమే ఎనామిల్‌లోకి ఫ్లోరైడ్‌ను ఎక్కిస్తుంది కాబట్టి పుచ్చు నివారణకు అది పనికొచ్చే గుణమే. ఈ నోట్లో మాత్రం తప్పు ఎంపిక. ఆమ్లంతోనే దెబ్బతిన్న పంటి మీద, బయటపడ్డ డెంటిన్ మీద మంట పుట్టిస్తుంది. కాంపోజిట్, సిరామిక్‌లలోని గాజు రేణువులనూ గరుకు చేస్తుంది. పింగాణీ వెనీర్లు (పంటి ముందు అతికించే పలుచటి పొరలు) ఉన్నవాళ్ళకు అసలు వాడకూడదు. స్టానస్ ఫ్లోరైడ్ (తగరం ఉన్న ఫ్లోరైడ్) నొప్పికి మంచిదే గానీ కొందరికి గోధుమరంగు పట్టిస్తుంది. కొత్తగా తెల్లబడ్డ పళ్ళ మీద ఆ రిస్క్ ఎందుకు? ఎస్‌డీఎఫ్ (వెండి ఉన్న ఫ్లోరైడ్ మందు) మాట తలవనే అక్కర్లేదు, పుచ్చును నల్లగా చేస్తుంది.

అందుకే 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్, తెలుపు రకం. పాత రకం పసుపుగా ఉంటుంది. మరుసటి రోజు బ్రష్‌తో పోయే పసుపే అయినా, వైట్‌నింగ్ చేయించుకున్న మనిషికి అద్దంలో అది కనపడితే ఆ రాత్రి నిద్ర పట్టదు. వార్నిష్‌లో పైన్ చెట్టు జిగురు ఉంటుంది కాబట్టి బ్యాండేజీ, ప్లాస్టర్ లాంటివి పడతాయా అని ముందు అడిగాను. పడతాయంది. పాలలోని కేసిన్‌తో చేసే సీపీపీ-ఏసీపీ క్రీమ్ కూడా రాయవచ్చు. దాని ధరకు తగ్గ అదనపు లాభం ఈ కేసులో ఉంటుందని నాకు నమ్మకం కలగలేదు, రాయలేదు.

పూయడంలో గొప్ప విద్యేమీ లేదు. పళ్ళను గాజుగుడ్డతో తుడిచాను. గాలి ఊదలేదు, ఊదితే ఆమెకు ప్రాణం పోయినంత పనవుతుంది, పైగా వార్నిష్‌కు అక్కర్లేదు కూడా. ముందు మెడ గాడుల్లో, తర్వాత ముందు పళ్ళ మీద పలుచగా. చిక్కగా పూస్తే ఎక్కువ పనిచేస్తుందనేది అపోహ, పెచ్చులుగా ఊడిపోతుందంతే. ఆ రోజు వేడి టీ వద్దు, గట్టి తిండి వద్దు, మరుసటి పొద్దున దాకా తోమొద్దు అని పంపాను. పెరుగన్నం, మెత్తటి పప్పన్నం సరిపోతాయి. వారం తేడాతో మళ్ళీ పూశాను. ఇంకో వారానికి ఇంకోసారి.

ఇంట్లో చేయమన్నది

మెత్తటి బ్రష్. 1000 పీపీఎం ఫ్లోరైడ్‌తో పాటు 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు. పొటాషియం నరాన్ని శాంతపరుస్తుంది, ఫ్లోరైడ్ పైపొరను చూసుకుంటుంది, రెండింటి పనీ వేరు. మన దేశంలో పేస్టుకు ఫ్లోరైడ్ పరిమితి 1000 పీపీఎం. ఒక గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము అన్నమాట. శనగగింజంత వేసుకుని ఉమ్మేస్తే కడుపులోకి పోయేది దాదాపు సున్నా. ఆయుర్వేదం, హెర్బల్ అని అమ్మే చాలా పేస్టుల్లో ఫ్లోరైడ్ ఉండదు. డబ్బా మీద చదివి కొనమని తండ్రికీ చెప్పాను.

రాత్రి పడుకునే ముందు తోమడం తప్పనిసరి, ఎందుకంటే నిద్రలో ఉమ్మి బాగా తగ్గిపోతుంది. తోమాక పేస్టు నురగ ఉమ్మేయాలి. గ్లాసుల కొద్దీ నీళ్ళతో పుక్కిలించొద్దు. ఇది మన అలవాటుకు పూర్తిగా వ్యతిరేకం, ఎంత చెప్పినా సగం మంది వినరు.

పులుపు పూర్తిగా మానమంటే నేనే నవ్వుకుంటాను. గోంగూర, చింతపండు చారు, ఆవకాయ లేని ఇల్లు ఎక్కడుంది? అన్నంలో కలిపి తిన్న పులుపు వేరు, గుక్కలు గుక్కలుగా తాగే నిమ్మనీళ్ళు, సోడా వేరు. భోజనంతో పాటు తినే పులుపు జోలికి నేను పోలేదు. పరగడుపు నిమ్మనీళ్ళు పూర్తిగా ఆపమన్నాను. పుల్లనిది తిన్నాక నీళ్ళతో నోరు కడుక్కుని, కనీసం అరగంట దాకా బ్రష్ ముట్టొద్దన్నాను. వైట్‌నింగ్ తర్వాత మొదటి రెండు రోజులు తెల్లటి తిండే తినాలనే నియమం ఆమెకు అప్పటికే దాటిపోయింది, దాని గురించి మాట్లాడి ప్రయోజనం లేదు. పెళ్ళిలో తాంబూలం గురించి అడిగింది. ఒకరోజు వేసుకుంటే ఏమీ కాదు, వేసుకున్నాక నోరు కడుక్కుంటే చాలన్నాను.

తర్వాత

రెండోసారి పూయడానికి వచ్చేసరికి నొప్పి పదికి నాలుగు. మూడోసారికి రెండు. చల్లటి నీళ్ళు తాగగలుగుతోంది. ఇందులో వార్నిష్ వంతెంత, నిమ్మరసం ఆపిన వంతెంత, వైట్‌నింగ్ నొప్పి దానంతటదే తగ్గిన వంతెంత అని ఒక్క పేషెంట్ మీద విడదీసి చెప్పలేం. మూడూ ఒకేసారి జరిగాయి. నా అంచనాలో బొగ్గు, నిమ్మ ఆపడమే పెద్ద వంతు. మెడ గాడుల నొప్పి తగ్గడంలో మాత్రం వార్నిష్ పాత్ర స్పష్టంగా కనపడింది, ఎందుకంటే ఆ చోట్ల వైట్‌నింగ్‌కు ముందు నుంచీ కొద్దిగా జివ్వుమనేదని ఆమే చెప్పింది. గాడులు లోతుగా లేవు, నొప్పి బాగా తగ్గింది, కాబట్టి ఫిల్లింగ్ చేయలేదు.

రెండో విడతలో ఒక టెన్షన్ వచ్చింది. “మేడం, వార్నిష్ పూసినప్పటి నుంచి తెలుపు తగ్గింది” అంది. షేడ్ గైడ్ పెట్టి చూస్తే నిజంగానే ఒక మెట్టు దిగింది, ఏ1 నుంచి ఏ2కి. వార్నిష్ వల్ల కాదు. వైట్‌నింగ్ అయిన పన్ను సాధారణంగా తర్వాతి రోజుల్లో కొంత వెనక్కి వస్తుంది. పంటిలో తడి తిరిగి నిండుతుంది, లోపల చిక్కుకున్న ఆక్సిజన్ బయటికి పోతుంది. ముందు ఏ3.5తో పోలిస్తే ఏ2 ఆమె ముఖానికి ఎంతో సహజంగా ఉంది. మొదటి రోజు సెల్ఫీలను పక్కన పెట్టమన్నాను. వార్నిష్ పూసే ముందే షేడ్ ఫోటో తీసి ఫైల్లో పెట్టుకోవడం అందుకే అవసరం. లేకపోతే ఈ రకం అనుమానానికి చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

సుద్ద మచ్చలు చాలావరకు చుట్టూ ఉన్న తెలుపులో కలిసిపోయాయి. మధ్య రెండు పళ్ళ మీద రెండు మచ్చలు మిగిలాయి. వాటికి రెండు దారులున్నాయి. ఆమ్లంతో పాటు గరుకు పౌడర్ కలిపిన పేస్టుతో పైపొరను చాలా పలుచగా తీసే మైక్రోఅబ్రేషన్ ఒకటి. 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పైపొరను తెరిచి, రంధ్రాల్లోకి పలుచటి రెసిన్ ఇంకించే ఇన్‌ఫిల్ట్రేషన్ రెండోది. రెసిన్ కాంతిని వంచే గుణం ఎనామిల్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి మచ్చ బాగా మాయమవుతుంది. రెండింటినీ ఫోటోలతో సహా చూపించాను. నెల కిందటే ఆమ్లంతో బాధపడ్డ పంటికి పెళ్ళి హడావిడిలో మళ్ళీ ఆమ్లం పెట్టడం నాకు ఇష్టం లేదని కూడా చెప్పాను. మాట్లాడే దూరం నుంచి మచ్చలు కనపడటం లేదు. పెళ్ళయ్యాక చూద్దామని ఆమే అంది.

పాత కాంపోజిట్‌ను మాత్రం మార్చాను, వైట్‌నింగ్ అయి మూడు వారాలు దాటాక. అంతకంటే ముందు చేస్తే పంటిలో మిగిలిన ఆక్సిజన్ రెసిన్‌ను గట్టిపడనివ్వదు, బంధం బలహీనమవుతుంది. షేడ్ కూడా అప్పటికే నిలకడకు వస్తుంది కాబట్టి కొత్త ఫిల్లింగ్ రంగు సరిగ్గా కుదిరింది.

చివరిసారి వచ్చినప్పుడు తండ్రి వెంట మూడేళ్ళ మనవరాలు ఉంది, పెద్ద కూతురి బిడ్డ. ఆ పాపకు ఏ పేస్టు వాడాలని అడిగాడు. ముందు ఇంట్లో తాగే నీళ్ళు కుళాయివా, బోరువా అని అడిగాను. తాగేది కృష్ణా నీళ్ళే, వంటకు మాత్రం అప్పుడప్పుడు బోరు నీళ్ళట. వంటకూ కుళాయి నీళ్ళే వాడమని, బోరు తప్పదనుకుంటే ఆ నీళ్ళను ల్యాబ్‌లో పరీక్ష చేయించమని చెప్పాను. ఈ వయసులో పాప పళ్ళకు ప్రమాదం లోపలికి పోయే నీళ్ళతోనే. పేస్టు బియ్యపుగింజంత, పెద్దవాళ్ళు దగ్గరుండి తోమి, ఉమ్మేయించాలి. బాగా ఉమ్మడం వచ్చాక బఠాణీ గింజంత. వార్నిష్ ఆ పాపకు ఇప్పుడు అక్కర్లేదు, పుచ్చు లేదు.

అమ్మాయికి ఆరు నెలలకోసారి చూపించుకోమని, మెడ గాడులు మళ్ళీ జివ్వుమంటే అప్పుడు వార్నిష్ పూస్తానని చెప్పాను. తెలుపు తగ్గితే మళ్ళీ 35 శాతం జెల్ వద్దు. కొలత తీసి చేసిన ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ పెట్టుకుని కొద్ది రాత్రులు పడుకుంటే చాలు, అందులోంచి వచ్చేది దాదాపు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడే. జివ్వుమంటే ఆ రాత్రి ఆపి, అదే ట్రేలో పొటాషియం నైట్రేట్, ఫ్లోరైడ్ ఉన్న జెల్‌ను అరగంట పెట్టుకోవాలి. ట్రే కొలత పెళ్ళి తర్వాత తీస్తాను, అప్పటికి కొత్త ఫిల్లింగ్ కూడా నిలదొక్కుకుంటుంది.